వంద కోట్లు వచ్చాయి, మరి పాఠం మారుతుందా?

2024 ఫిబ్రవరిలో ఉస్మానియా యూనివర్సిటీకి పీఎం-ఉష (రాష్ట్రాల ఉన్నత విద్యకు కేంద్రం తెచ్చిన నిధుల పథకం) కింద రూ.100 కోట్లు మంజూరైన వార్త వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన అడిగాడు: "అయితే ఇకనుంచి క్లాసులో నోట్సు డిక్టేట్ చెయ్యడం ఆగిపోతుందా?" అందరూ నవ్వే బొమ్మలు పెట్టి వదిలేశారు. ప్రశ్న మాత్రం గట్టిదే. యూనివర్సిటీకి వచ్చే డబ్బుకీ, క్లాసులో పాఠం చెప్పే తీరుకీ మధ్య చాలా మెట్లున్నాయి. ఏ మెట్టు దగ్గర ఏం ఆగుతుందో తెలిస్తే తప్ప, జాతీయ విద్యా విధానం, క్రెడిట్లు (కోర్సు బరువుని కొలిచే పాయింట్లు), ఇంటర్న్‌షిప్‌లు, స్వయం కోర్సులు (కేంద్రం నడిపే ఆన్‌లైన్ పాఠాలు) అంటూ రోజూ పేపర్లో వచ్చే మాటలు ఒకదానికొకటి అతకవు.

కొత్త కోర్సు వేరు, కొత్త సామాను వేరు, కొత్త బోధన వేరు

బీఎస్సీలో డేటా సైన్స్ పెడితే అది కొత్త కోర్సు. గదిలో డిజిటల్ బోర్డు బిగిస్తే అది కొత్త సామాను. ఉన్న పాఠాన్నే ఇంకో రకంగా నేర్పిస్తే అది కొత్త బోధన. ప్రకటనల్లో ఈ మూడూ ఒకే మూటలో వస్తాయి కాబట్టి, ఒకటి జరిగితే మిగతా రెండూ జరిగినట్టే అనిపిస్తుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చెప్పే లెక్చరర్ ఒకామె. స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) పాఠం. మామూలుగా అయితే బోర్డు మీద సూత్రం, దాని కింద పది అంకెలు, ఒక లెక్క; పిల్లలు ఎక్కించుకుంటారు, గంట కొడతారు. ఈమె అలా కాకుండా అరవై మందిని పది గుంపులు చేసింది. ఒక్కో గుంపు రైతు బజారుకి వెళ్లి, గేటు దగ్గర బోర్డు మీద రాసే ధరల్లోంచి టమాటా, బెండకాయ, ఉల్లిగడ్డ ధరల్ని నెల రోజులు రాసుకురావాలి. ఏ కూర ధర ఎక్కువ ఊగిందో లెక్క కట్టాలి. ఎందుకు ఊగిందో క్లాసులో వాదించాలి. సిలబస్ అదే, యూనిట్ అదే, సూత్రం కూడా అదే. మారింది పిల్లలు చేసే పని. వ్యాసం చివరిదాకా ఈమెనే వెంటబెట్టుకుని వెళదాం.

ఇలాంటి పద్ధతులకు పేర్లున్నాయి. వీడియో ఇంట్లో చూసి, లెక్కలు క్లాసులో చేస్తే ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్. హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టినది పీర్ ఇన్‌స్ట్రక్షన్: ఒక ప్రశ్న వేస్తారు, అందరూ జవాబు ఎంచుకుంటారు, పక్కవాడితో వాదించుకుంటారు, మళ్లీ ఎంచుకుంటారు. దీనికి క్లిక్కర్లు (జవాబు నొక్కే చిన్న రిమోట్లు), యాప్‌లు వాడతారు గానీ చేతులెత్తించినా పని జరుగుతుంది. అంటే కొత్త బోధనకు ఖరీదైన సామాను తప్పనిసరి కాదు. మరి ఖర్చంతా దేనికన్నది కాసేపట్లో చూద్దాం.

పాఠం మార్చాలంటే ఎవరి సంతకం కావాలి

అది లెక్చరర్ ఎక్కడ పనిచేస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది.

మన దగ్గర డిగ్రీ కాలేజీల్లో ఎక్కువ భాగం యూనివర్సిటీకి అనుబంధంగా నడిచేవే. సిలబస్, సెమిస్టర్ పరీక్ష పేపరు, వాల్యుయేషన్ అన్నీ యూనివర్సిటీ చేతిలో ఉంటాయి. మన లెక్చరర్‌కి స్వేచ్ఛ ఉన్నది రెండు చోట్లే. ఒకటి, క్లాసు గంటలో ఎలా చెప్పాలన్నది. రెండు, ఇంటర్నల్ మార్కులు. వందలో ఇరవయ్యో ముప్పయ్యో ఉండే ఆ మార్కుల్లోనే రైతు బజారు పనిని ఇరికించాలి. మిగతా డెబ్భై, ఎనభై మార్కుల పేపర్లో "స్టాండర్డ్ డీవియేషన్ నిర్వచించి దాని లక్షణాలు రాయండి" అన్న ప్రశ్నే వస్తే పిల్లలు ఏం చేస్తారో చెప్పక్కర్లేదు. బజారుకి వెళ్లినవాడూ చివరి వారం గైడు కొనుక్కుంటాడు.

పేపరు మార్చాలంటే విషయం బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కి వెళ్లాలి. ఆ సబ్జెక్టు ప్రొఫెసర్లు, కొందరు కాలేజీ లెక్చరర్లు, బయటి నిపుణులు కూర్చునే కమిటీ అది. అక్కడ ఒప్పుకుంటే, చదువుల విషయంలో యూనివర్సిటీ తుది మాట చెప్పే అకడమిక్ కౌన్సిల్ లేదా సెనేట్. దానికి పైన రాష్ట్రమంతటికీ ఒకే చట్రం ఉండాలని ఉన్నత విద్యామండలి ఇచ్చే మార్గదర్శకాలు. సిలబస్ మార్పు ఏటా ఉండదు, కొన్నేళ్లకోసారి వస్తుంది. ఆ బండి తప్పితే మళ్లీ వచ్చేదాకా ఆగాలి.

అటానమస్ కాలేజీలో దారి దగ్గర. కాలేజీకే సొంత బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంటుంది, పేపరు సొంతంగా తయారు చేసుకుంటుంది. డిగ్రీ పట్టా మాత్రం యూనివర్సిటీదే. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఈ ఆలోచనని ముందుకు తెచ్చింది.

ఐఐటీల్లో అయితే సెనేట్ అనుకుంటే చాలు. ఐఐటీ హైదరాబాద్ తెచ్చిన ఫ్రాక్టల్ పద్ధతి మంచి ఉదాహరణ. సెమిస్టరంతా సాగే మూడు, నాలుగు క్రెడిట్ల కోర్సుల్ని ముక్కలు చేసి, అర క్రెడిట్ నుంచి మొదలయ్యే చిన్న కోర్సులు పెట్టారు. ఒక విషయం రుచి చూసి, నచ్చితే లోతుకు వెళ్లొచ్చు. నచ్చకపోతే సెమిస్టర్ మొత్తం పోగొట్టుకోనక్కర్లేదు. దీని అసలు పెట్టుబడి అధికారం. డబ్బు తర్వాతి మాట.

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ బలముంది. కామన్ పేపరు లెక్చరర్ చేతులు కట్టేస్తుందనేది ఒకటి. మారుమూల కాలేజీలో చదివిన పిల్లకీ నగరంలో చదివిన పిల్లకీ పట్టా విలువ ఒకటే అని చెప్పగలిగేది ఆ కామన్ పేపరు వల్లే అనేది రెండోది. పేపర్ని పూర్తిగా కాలేజీలకే వదిలేస్తే మార్కులు పంచిపెట్టే కాలేజీలు ఉండవని పూచీ ఇవ్వగలవాళ్లు లేరు.

డబ్బు ఏ కాలువలో వస్తుంది

రాష్ట్ర యూనివర్సిటీలకు ప్రధాన ఆధారం ప్రభుత్వం గంపగుత్తగా ఇచ్చే బ్లాక్ గ్రాంటు. అందులో ఎక్కువ భాగం జీతాలకీ పెన్షన్లకీ పోతుంది. అది చాలక సెల్ఫ్ ఫైనాన్స్ (ఫీజుల మీదే నడిచే) కోర్సుల ఫీజులు, పరీక్ష ఫీజులు, అనుబంధ కాలేజీల నుంచి వచ్చే రుసుములు. ప్రైవేటు కాలేజీల్లో చాలా వాటికి ఫీజు రీయింబర్స్‌మెంటే ప్రాణం. అది ఆలస్యమైన ఏడాది కొత్త ప్రయోగాల మాట ఎత్తితే యాజమాన్యం మొహం ఎలా ఉంటుందో ప్రైవేటు లెక్చరర్లని అడగండి.

కేంద్రం డబ్బు ఒకప్పుడు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ద్వారా పంచవర్ష ప్రణాళిక గ్రాంటుగా వచ్చేది. ఐదేళ్లు యూజీసీ ఇస్తుంది, తర్వాత ఆ పోస్టుల్నీ కోర్సుల్నీ రాష్ట్రం మోయాలి. ఇదీ ఒప్పందం. ఐదేళ్లయ్యాక రాష్ట్రం ఎత్తుకోకపోతే కోర్సు బోర్డు మిగులుతుంది, చెప్పేవాళ్లు మిగలరు. ప్రణాళికల కాలం 2017 మార్చితో ముగిసింది. రాష్ట్ర సంస్థలకు 2013లో వచ్చిన రూసా (రాష్ట్రీయ ఉచ్చతర్ శిక్షా అభియాన్) పథకం ప్రధాన కాలువ అయింది. అదే 2023లో పీఎం-ఉషగా మారింది. మూడేళ్లకు రూ.12,926 కోట్ల పథకం. బహుళ విభాగాల పరిశోధన విశ్వవిద్యాలయాలుగా ఎంపికైనవాటికి తలా రూ.100 కోట్లు, మామూలు యూనివర్సిటీల బలోపేతానికి రూ.20 కోట్లు, కాలేజీలకు రూ.5 కోట్లు, ఇదీ స్థూలంగా లెక్క. తెలుగు రాష్ట్రాలకు ఇందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. అంటే రూ.100 కోట్లన్న వార్తలో రూ.40 కోట్లు రాష్ట్ర ఖజానా నుంచి రావాలి. ఈ సంగతి హెడ్డింగుల్లో కనపడదు.

డబ్బు ఎంత అన్నదానికంటే ఏ పద్దు కింద అన్నది ముఖ్యం. గ్రాంట్లలో రెండు మాటలు పదే పదే వినిపిస్తాయి. నాన్-రికరింగ్ అంటే ఒక్కసారి పెట్టే ఖర్చు: భవనం, ల్యాబ్, కంప్యూటర్లు. రికరింగ్ అంటే ఏటా పెట్టాల్సింది: మనుషుల జీతాలు, రిపేర్లు, లైసెన్సులు, ప్రయాణాలు. రూసా మొదటి దశలో ఒక కాలేజీకి మౌలిక వసతులకిచ్చిన రూ.2 కోట్ల గ్రాంటు చూడండి. కొత్త నిర్మాణానికి 70 లక్షలు, పాత భవనాల మరమ్మతుకు 70 లక్షలు, పరికరాలకు 60 లక్షలు. కాలేజీలకు ఇవన్నీ అవసరమే. వానాకాలం కారే గదిలో ఏ బోధనా సాగదు. కానీ రైతు బజారు లెక్చరర్‌కి కావాల్సింది ఈ మూడు పద్దుల్లో ఏదీ కాదు.

ఇలా ఎందుకు చేస్తారంటే, గోడకి ఫొటో తీయొచ్చు. ఆడిట్ వాళ్లు వచ్చి తట్టి చూడొచ్చు. వినియోగ ధ్రువపత్రంలో రాయొచ్చు. "విద్యార్థులు ఈసారి బాగా వాదించారు" అన్నదానికి బిల్లు ఉండదు కదా. పైగా ఆర్థిక సంవత్సరం ఏప్రిల్లో మొదలై మార్చిలో ముగుస్తుంది, కాలేజీ ఏడాది వానాకాలంలో మొదలవుతుంది. నిధులు ఏ డిసెంబరులోనో చేతికొస్తే మార్చి 31లోపు ఖర్చు చూపించాలి. మూడు నెలల్లో కొనగలిగేది వస్తువే. నాకు తెలిసిన ఒక కాలేజీలో ఇలాగే మార్చి నెలాఖరున వచ్చిన డిజిటల్ బోర్డుకి పూల డిజైను గుడ్డతో కవరు కుట్టించారు. దాని పెన్ను మాత్రం ఆఫీసు బీరువాలో ఉంటుంది, పోతే మళ్లీ కొనడానికి పద్దు లేదని. పాఠం పక్కనున్న నల్లబల్ల మీదే నడుస్తోంది.

ఒక్క పాఠం ఖరీదు కట్టి చూస్తే

మన లెక్చరర్ సంగతికొద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు.

పది గుంపులు. ఒక్కో గుంపుతో వారానికి 20 నిమిషాలు కూర్చోవాలి. వారానికి 200 నిమిషాలు, అంటే 3 గంటల 20 నిమిషాలు. సెమిస్టర్‌కి 15 వారాలనుకుంటే 50 గంటలు. రిపోర్టులు చదివి దిద్దడానికి గుంపుకో గంట, ఇంకో 10 గంటలు. మొదటిసారి కాబట్టి ప్రశ్నలు, పట్టికలు తయారు చేసుకోవడానికి 20 గంటలు. మొత్తం 80 గంటలు.

2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. ఆమె ఆ 16 చెబుతూనే ఈ 80 గంటలు అదనంగా చెయ్యాలి. లేదా ఆమె క్లాసుల్లో కొన్ని గెస్ట్ లెక్చరర్‌కి అప్పగించాలి. గంటకు రూ.500 వేసుకుంటే 80 గంటలకు రూ.40,000. జిరాక్సులకీ బస్సు చార్జీలకీ ఓ రూ.5,000. మొత్తం రూ.45,000. పెద్ద టచ్ ప్యానెల్ ఒక్కదాని ధరలో సగం కూడా కాదు. అయినా ప్యానెల్ కొనడమే తేలిక. ఈ నలభై ఐదు వేలలో నలభై వేలు "సమయం" అనే పద్దు. ఆ పేరుతో మన గ్రాంటు ఫారాల్లో గడి దొరకడం కష్టం.

రెండో ఏడాది ఖర్చు తగ్గుతుంది, తయారీ 20 గంటలు మళ్లీ అక్కర్లేదు. కానీ 60 గంటలు ప్రతి ఏడూ ఉంటాయి. లెక్చరర్ గెస్ట్ ఫ్యాకల్టీయే అయితే లెక్క ఇంకా చేదుగా ఉంటుంది. ఆమెకి పీరియడ్ లెక్కన డబ్బు. క్లాసు బయట పెట్టే గంటకు పైసా రాదు. మన యూనివర్సిటీల్లో ఖాళీ పోస్టులు ఎన్నేళ్లుగానో నిండక కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ వాళ్ల మీదే ఎంత నడుస్తోందో తెలిసిందే కాబట్టి, ఇది అరుదైన సంగతేమీ కాదు.

ఇంత చేస్తే పిల్లలకి నిజంగా వస్తుందా

అమెరికాలో 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలను కలిపి చూసింది. సైన్స్, ఇంజినీరింగ్, లెక్కల క్లాసుల్లో విద్యార్థులు ఏదో ఒక పని చేస్తూ నేర్చుకున్న చోట పరీక్ష మార్కులు దాదాపు 6 శాతం పెరిగాయి. ఉత్త లెక్చరు విన్న క్లాసుల్లో ఫెయిలైనవాళ్లు సగటున 33.8 శాతం, రెండో రకం క్లాసుల్లో 21.8 శాతం.

నాకు దీనికంటే ఆసక్తిగా అనిపించేది 2019లో హార్వర్డ్ భౌతిక శాస్త్రం క్లాసుల్లో తేలిన విషయం. పని చేస్తూ నేర్చుకున్న విద్యార్థులకి పరీక్షలో ఎక్కువ వచ్చింది, కానీ తమకి తక్కువ అర్థమైందని వాళ్లే చెప్పారు. బాగా చెప్పే సారు లెక్చరు విన్నవాళ్లకి అంతా అర్థమైనట్టు అనిపించింది, మార్కులు మాత్రం తక్కువ. మన దగ్గర "సార్ అద్భుతంగా చెబుతారు" అనే మెచ్చుకోలు వెనక ఏముందో ఆలోచించాల్సిన మాట ఇది. కొత్త పద్ధతి పెట్టిన మొదటి సెమిస్టర్లో విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ పడిపోతే లెక్చరర్ టెన్షన్ పడి పాత దారికి ఎందుకు వెళ్తారో కూడా దీనివల్ల అర్థమవుతుంది.

అయితే ఈ అంకెల్ని తెచ్చి నేరుగా మన క్లాసులకి అతికించకూడదు. అక్కడ చాలాచోట్ల పాఠం చెప్పే ప్రొఫెసరే పేపరూ పెడతాడు, చేతికింద టీచింగ్ అసిస్టెంట్లుంటారు. ఇక్కడి నుంచి ఎంఎస్‌కి వెళ్లిన తెలుగు పిల్లల్లో ఎంతోమంది అక్కడ ఆ పని చేస్తూ ఫీజు గట్టెక్కినవాళ్లే. అంటే పైన మనం కట్టిన 80 గంటల్లో కొంత భాగాన్ని అక్కడి యూనివర్సిటీ డబ్బిచ్చి కొంటోంది.

పైనుంచి వచ్చిన మార్పులు: ట్రిపుల్ ఐటీలు, పది నెలల ఇంటర్న్‌షిప్

మార్పు కింది నుంచి రాదు, ప్రభుత్వమే తేవాలి అనేవాళ్లు చూపించే పెద్ద ఉదాహరణ 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మూడు ప్రాంగణాలు; జనం నోట్లో ఇవే ట్రిపుల్ ఐటీలు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు దాకా వెళ్లిన ప్రొఫెసర్ రాజ్ రెడ్డి ఆలోచన దీని వెనకుంది. పదో తరగతి అయిన పల్లెటూరి పిల్లల్ని ఆరేళ్ల సమీకృత కోర్సులో చేర్చుకోవడం, ప్రతి ఒక్కరికీ ల్యాప్‌టాప్ ఇవ్వడం, పాఠం రికార్డు చేసి చూపించడం, క్లాసులో ఉన్న మెంటరు సందేహాలు తీర్చడం. వేలమందికి ఒకేసారి మంచి అధ్యాపకులు దొరకరు, కాబట్టి దొరికినవాళ్ల పాఠాన్ని అందరికీ చేరుద్దాం అన్నది తర్కం.

దీని ఫలితం గురించి ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఇంగ్లిష్ వీడియో పాఠాలు మొదట్లో మింగుడుపడలేదు; లెక్చరర్ నిలబడి చెప్పే పద్ధతి తర్వాత మళ్లీ పుంజుకుంది. మరోపక్క, కార్పొరేట్ కాలేజీ ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు ఇంజినీర్లయ్యారంటే ఆ ప్రయోగం వల్లే అనేవాళ్లు ఊరికొకరు కనిపిస్తారు. గమనించాల్సింది ఒకటుంది. ఇక్కడ కోర్సు, పరీక్ష, డబ్బు మూడూ ఒకే చేతిలో మొదలయ్యాయి. అందుకే ప్రయోగం అంత వేగంగా నడవగలిగింది, తప్పు దొరికినచోట దిద్దుకోగలిగింది కూడా.

రెండోది డబ్బు లేకుండా ఉత్తర్వుతో వచ్చిన మార్పు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో చేరిన డిగ్రీ విద్యార్థుల నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు: మొదటి ఏడాది తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివర్లో ఆరు నెలలు. కాగితం మీద ఇది మన రైతు బజారు పాఠానికి పెద్దన్న. ఊళ్లో సర్వే చేసి నీటి సమస్య మీద రిపోర్టు రాసిన పిల్ల నిజంగానే ఏదో నేర్చుకుంటుంది. కానీ విశాఖలో ఉన్నన్ని కంపెనీలు ఒక మండల కేంద్రంలో ఉండవు. ప్రయాణం ఖర్చు ఇంటివాళ్లదే. ఒక్కో లెక్చరర్ కింద పదుల మంది విద్యార్థులుంటే రిపోర్టు చదివే తీరిక ఎవరికి? జిరాక్సు షాపులో రెడీమేడ్ రిపోర్టులు అమ్ముడుపోయేది ఆ తీరిక లేనిచోటే.

అందరికీ తలా కొంతా, ఒక్కచోట కుప్పగానా

భౌతిక శాస్త్రంలో 2001లో నోబెల్ అందుకున్న కార్ల్ వైమన్ ఆ తర్వాత తన దృష్టి బోధన మీదికి మళ్లించాడు. 2006లో కొలరాడో, 2007లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీల్లో ఆయన పెట్టిన కార్యక్రమాల్లో డబ్బు ఒక్కో లెక్చరర్‌కి కాకుండా డిపార్ట్‌మెంట్ మొత్తానికి వెళ్లింది, డిపార్ట్‌మెంట్లు పోటీపడి తెచ్చుకోవాలి. ఆ డబ్బులో పెద్ద వాటా మనుషులకే ఖర్చయింది. సబ్జెక్టూ, నేర్పే పద్ధతులూ రెండూ తెలిసిన యువ పీహెచ్‌డీలను డిపార్ట్‌మెంట్లోనే నియమించి, ప్రొఫెసర్ల పక్కన కూర్చోబెట్టి కోర్సులు మార్పించారు. ఒక్క ఉత్సాహవంతుడికిస్తే ఆయన బదిలీతో పని పోతుంది, డిపార్ట్‌మెంట్ మారితే నిలుస్తుంది అన్నది ఆలోచన.

అదే బ్రిటిష్ కొలంబియాలో 1991 నుంచి ఇంకో నిధి కూడా ఉంది. విద్యార్థుల ఫీజులో కొంత పక్కనబెట్టి, దాన్ని బోధన మెరుగుపరిచే ప్రాజెక్టులకు ఇస్తారు. మన దగ్గర ఫీజు పెంచి ఇలాంటి నిధి పెడదామంటే విద్యార్థి సంఘాలు ఊరుకోవు, వాళ్ల కోణంలో న్యాయమే. ఉన్న సెల్ఫ్ ఫైనాన్స్ ఆదాయంలోంచి తియ్యమంటే ఆ డబ్బు పెన్షన్లకే చాలట్లేదని రిజిస్ట్రార్ అంటాడు. అదీ అబద్ధం కాదు.

ప్రమోషన్ ఫైల్లో ఈ పని విలువ ఎంత

2018 యూజీసీ నిబంధనల్లో పాయింట్ల పట్టిక ఒకటుంది. సైన్స్ లెక్చరర్ గుర్తింపున్న జర్నల్లో ఒక పేపరు రాస్తే 8 పాయింట్లు, ఆర్ట్స్‌లో అయితే 10. జర్నల్ స్థాయిని బట్టి ఇంకా పెరుగుతాయి. వినూత్న బోధనా పద్ధతి తయారు చేస్తే 5. కొత్త కోర్సు రూపొందిస్తే 2. నాలుగు క్రెడిట్ల ఆన్‌లైన్ కోర్సు పూర్తిగా తయారు చేస్తే 20. ఆ ఆన్‌లైన్ కోర్సులకు మార్కెట్టూ పెరిగింది: ఒక సెమిస్టర్లో 20 శాతం దాకా క్రెడిట్లు స్వయం ద్వారా తెచ్చుకోవచ్చని 2016లో అన్న యూజీసీ, 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. మంచి పాఠం పల్లె కాలేజీకి చేరుతుందని సమర్థించేవాళ్లు, ఖాళీ పోస్టులు నింపకుండా తప్పించుకోవడానికి సాకు దొరికిందనేవాళ్లు, ఇద్దరూ ఒకే నిబంధన చూపించి వాదిస్తారు.

మన లెక్చరర్ 80 గంటలు పెట్టి అరవై మందిని బజారుకి పంపితే, కమిటీ ఒప్పుకుంటే 5 పాయింట్లు. అదే 80 గంటలు ఒక పేపరు మీద పెడితే 8, అదీ వాదన అక్కర్లేకుండా. జర్నల్ పేరు చూపిస్తే చాలు.

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా ఈ పాయింట్ల లెక్కను తీసేద్దామంది. దాని బదులు తొమ్మిది రకాల విశేష కృషిని పేర్కొని, వాటిలో కనీసం నాలుగింట్లో పని చూపించాలంది. వినూత్న బోధన అందులో ఒకటి. అదే ముసాయిదా రేపిన, వైస్ చాన్సలర్ల నియామకం ఎవరి చేతిలో ఉండాలన్న గొడవలో ఈ భాగం మీద చర్చ పెద్దగా సాగలేదు. పాయింట్లు పోతే అంకెల పిచ్చి తగ్గుతుందని కొందరు సంతోషిస్తున్నారు. అంకెలు పోయాక మిగిలేది సెలెక్షన్ కమిటీ ఇష్టమేనని ఇంకొందరు భయపడుతున్నారు. పది గుంపులు రాసిన టమాటా ధరల పట్టికలు, వాటి వెనక వాళ్లు వాదించుకున్న కారణాలు ఒక ఫైల్లో పెట్టి ఆ కమిటీ ముందుకు తీసుకెళ్తే, వాటిని చదవడానికి వాళ్లు ఎన్ని నిమిషాలు కేటాయిస్తారన్నది ఏ ముసాయిదాలోనూ రాసి ఉండదు.